సేనాపతి వీపు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ పెద్దలెవరూ ప్లాస్టిక్ కవచం తొడుక్కుని హోటల్ గుమ్మం ముందు నిలబడే ఉద్యోగం చేసినవాళ్ళు కారు. అందుకే నోరు జారిన మనిషి మర్నాడు పొద్దున్న తన వీపు మీద తాళ్ళు తనే ఎలా కట్టుకోవాలో చెప్పకుండా పోయారు.

ఆ ఉద్యోగం చేసేవాడిని హోటల్లో అందరూ సేనాపతి అనేవారు. సేన లేదు, గుర్రం లేదు. ఇత్తడి రంగు వేసిన గట్టి ప్లాస్టిక్ కవచం మాత్రం ఉంది. ఛాతీకొక పలక, వీపుకొక పలక, భుజాల మీద రెండు చిప్పలు. కారొచ్చి ఆగితే తలుపు తీయాలి, వంగి లోపలికి దారి చూపాలి, పిల్లలొస్తే ఫొటోకి మీసం మీద చెయ్యి వేయాలి. డ్రెస్సు హోటల్‌ది, దాని బాగోగులు నీవి అని మేనేజరు చేరిన రోజే చెప్పేశాడు. బట్టలు మార్చుకోవడానికి గది కూడా ఇవ్వలేదు. కాబట్టి సేనాపతి ఇంటి దగ్గరే కవచం తొడుక్కుని బస్సెక్కేవాడు.

పలకల అంచులకు చిల్లులుండేవి. రోజూ పొద్దున్నే భార్య ఆయన వెనక నిలబడి ఆ చిల్లుల్లోంచి తాళ్ళు దూర్చి బిగించి కట్టేది. ఆవిడ క్లినిక్‌లో నర్సు. రోజంతా జనం చేతులకీ కాళ్ళకీ కట్లు కట్టే మనిషి, ఆవిడ ముడి వేసిందంటే సాయంత్రం దాకా కదలదు. కడుతూ కడుతూ క్లినిక్ కబుర్లు చెప్పేది. ఎంత పెద్ద మనిషి సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయాడో, ఏ డాక్టరు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతికాడో చెబుతుంటే ఆయన ఊఁ కొట్టేవాడు. ఇద్దరి డ్యూటీల మధ్యా వాళ్ళు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కాసేపే. ఆ సంగతి ఆ మహానుభావుడికి అప్పటికి తెలీదు. తెలిస్తే ఆ మాట అనేవాడా?

ఆ రోజు బావమరిది వచ్చాడు. అతనిది జిగుర్లూ మేకులూ స్క్రూలూ అమ్మే దుకాణం. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. కవచం కట్టించుకుంటున్న బావని చూసి, "మా అక్క లేకపోతే నీకు చొక్కా బొత్తాం కూడా పడదు కదా బావా" అన్నాడు. నవ్వి ఊరుకుంటే అక్కడితో పోయేది. సేనాపతికి రోషం పొడుచుకొచ్చింది.

"మీ అక్క ముడుల వల్లే నాకు రోజూ లేటు. నా పనికి నాకు ఎవరి అవసరమూ లేదు" అన్నాడు.

వెనకాల చేతులు ఆగిపోయాయి. సగం కట్టిన తాడు వదులై జారింది. "సరే" అంది ఆవిడ.

సరే అంటే సరే కాదని పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు. పోట్లాడినా బాగుండేది. ఆవిడ పోట్లాడలేదు, ముఖం ముడుచుకోలేదు, వంట మానలేదు. ఆయనతో చెప్పాల్సినవన్నీ వస్తువులతో చెప్పడం మొదలుపెట్టింది అంతే. "తువ్వాలు తీగ మీద ఆరింది" అని గోడకు చెప్పేది. "మోటారు బాగుచేసేవాడు వచ్చి వెళ్ళాడు" అని ఫ్యానుకి చెప్పేది. కవచం కట్టే వేళకి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

సేనాపతి తాళ్ళు తనే కట్టుకోబోయాడు. చెయ్యి వీపు దాకా పోయేది గాని తాడు చేతికి చిక్కేది కాదు. ఎలాగో ముడి వేశాననుకుని వెళ్ళాడు. మొదటి కారు దగ్గర వంగగానే వీపు పలక ఊడి, మెట్ల మీద దడదడలాడుతూ దొర్లి, ఒక పెద్దమనిషి సూట్‌కేసుని ఆనుకుని ఆగింది.

"ఇంకోసారి ముక్క ఊడిందా, పార్సిళ్ళొచ్చే వెనక గేటుకి పంపేస్తా" అన్నాడు మేనేజరు.

వెనక గేటుకి భయపడ్డ మాట నిజమే. కానీ అసలు భయం అది కాదు. ఆవిడ ఇక ఎప్పటికీ తన వెనక నిలబడదేమోనని లోలోపల గుబులు పట్టుకుంది. 'తప్పైంది, కట్టిపెట్టు' అని ఒక్క మాట అంటే తీరిపోయేది. మీసం అడ్డొచ్చింది. అన్న మాట నిలబెట్టుకుంటే ఆవిడకే తన గొప్ప తెలిసి దిగొస్తుందనుకున్నాడు. ఇలాంటి తెలివితేటలు మగవాళ్ళకి ఎక్కణ్ణించి వస్తాయో ఎవరికీ తెలీదు. తిన్నగా బావమరిది దుకాణానికి పోయాడు.

"నిప్పు పెట్టింది నువ్వు. ఆర్పేదీ నువ్వే" అన్నాడు.

"ఆర్పడం నా వల్ల కాదు గాని బావా, అతికిస్తా. ఎలాంటిది కావాలి?"

"ఒక్కణ్ణే పెట్టుకోగలిగేది."

బావమరిది చిటికెన వేలంత ట్యూబు చేతిలో పెట్టాడు. "చుక్క చాలు. ఉడుంపట్టు పడుతుంది" అన్నాడు. పట్టింది. మర్నాడు సేనాపతి పలకల అంచులకు చుక్కలు వేసి, కదలకుండా ఉండాలని కుడి అరచేత్తో ఛాతీ పక్కన అదిమిపెట్టాడు. పలకలతో పాటు చెయ్యి కూడా అతుక్కుంది. బస్సుకి వేళవుతోంది. చేసేది లేక గుండె మీద చెయ్యి వేసుకునే డ్యూటీకి పోయి, ఎడమచేత్తో తలుపులు తీశాడు. వచ్చినవాళ్ళు అది హోటల్ వారి కొత్త మర్యాద అనుకున్నారు. ఒక ముసలి దంపతులు ఆగి తామూ గుండెల మీద చేతులేసుకుని తల వంచారు. మధ్యాహ్నానికి మేనేజరు కూడా అదే భంగిమలో తిరుగుతూ, "బావుందయ్యా, రేపు కూడా ఇలాగే చెయ్యి" అని మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద గిన్నెలో సబ్బు కలిపిన వేడినీళ్ళు ఉన్నాయి. "లాగితే తోలొస్తుంది, నానబెడితే దానంతటదే వస్తుంది" అని ఆవిడ ఫ్యానుతో చెప్పింది. చెయ్యి నానుతున్నంతసేపూ ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఫ్యాను వంకే చూసింది.

మర్నాడు మళ్ళీ చుక్కలు వేసుకుని, చెయ్యి జాగ్రత్తగా దూరం పెట్టుకుని వెళ్ళాడు. మొదటిసారి వంగేసరికి అతుకు ఫట్‌మని విరిగింది. గోడకి వీపు ఆనించి నిలబడి ఎలాగో ఆ పూట గట్టెక్కాడు.

"అది గట్టిదే బావా, కాకపోతే వంగదు" అని బావమరిది సమర్థించుకున్నాడు. "వంగని సరుకు మీ ఇంట్లో ఇప్పటికే ఒకటుంది కదా, మళ్ళీ ఇంకోటెందుకు" అని, కరిగించి పోసే జిగురు ఇచ్చాడు.

అది నీడన ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంది. ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి మెత్తబడింది. ఎడమ భుజం చిప్ప మెల్లగా మోచేతి దాకా దిగింది. ఛాతీ పలక పొట్ట మీదికి జారింది. పొద్దున సేనాపతిగా వచ్చినవాడు పన్నెండింటికి తాబేలై తేలాడు.

తర్వాత వెల్క్రో పట్టీలు. పిల్లల చెప్పులకుండేవే, ఇంకాస్త వెడల్పువి. తొడుక్కోవడం తేలిక, పట్టు బాగుంది, సేనాపతి ముఖం వికసించింది. కాకపోతే వంగినప్పుడల్లా పట్టీ కాస్త విడివడి చర్ర్‌మని గుడ్డ చిరిగినట్టు చప్పుడు చేసేది. ఒక భారీకాయుడు కారులోంచి అతికష్టం మీద దిగుతున్నాడు, సరిగ్గా అప్పుడే సేనాపతి వంగాడు. చర్ర్‌మంది. ఆ భారీకాయుడు ఠక్కున వెనక చెయ్యి పెట్టుకుని, గోడవారగా పక్కనడకతో లిఫ్టు దాకా పోయాడు. మధ్యలో భార్య పిలిచినా తిరగలేదు. ఆ పూట అలా పక్కనడకతో లోపలికి పోయినవాళ్ళు ఆయనొక్కడే కాదు. గదుల్లోంచి సూదీ దారం కావాలని కబుర్లు రావడంతో మేనేజరు బయటికొచ్చి ఆరా తీశాడు.

అప్పుడు బావమరిదికి అయస్కాంతాలు తట్టాయి. "చప్పుడుండదు, కరగదు, విరగదు. దగ్గరికి తెస్తే చాలు, వాటికవే టక్కున పట్టుకుంటాయి" అని ఛాతీ పలక లోపలా వీపు పలక అంచునా వరసగా బిగించాడు. బస్సులో పట్టుకునే కడ్డీ ఛాతీని వదలకపోయేసరికి సేనాపతి ఒక స్టాపు అవతల దిగాడు. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. పొడుగాటి నల్లకారు వచ్చి ఆగింది. ఆయన తలుపు తీశాడు, దిగాల్సినవాళ్ళు దిగారు, తలుపు మూస్తూ ముందుకు వాలాడు. టక్కున అతుక్కున్నాడు. డ్రైవరు చూసుకోలేదు, కారు మెల్లగా కదిలింది. సేనాపతి కూడా కదిలాడు. కారుని కౌగిలించుకుని పక్కపక్కనే చిన్న చిన్న అడుగులేస్తూ, ఎదురొచ్చిన వాళ్ళకి తల మాత్రం మర్యాదగా వంచుతూ, తోట చుట్టూ తిరిగి పార్కింగ్ దాకా వెళ్ళాడు.

"రేపు యజమాని గారు వస్తున్నారు" అన్నాడు మేనేజరు. "నీ మీద ఉన్నది ఏదైనా ఊడినా, నువ్వు దేనికైనా అతుక్కున్నా, అదే ఆఖరు."

ఈసారి బావమరిది కూడా నవ్వలేదు. స్టూలు లాగి బావని కూర్చోబెట్టాడు. "తప్పు నాది బావా. మొదట్నుంచీ అతికించే వస్తువులే ఇస్తున్నా. రెండు ముక్కలు ఎప్పటికీ విడిపోకూడదంటే జిగురు. పొద్దున్న కలిసి సాయంత్రం విడిపోవాలంటే బకిలు" అంటూ స్కూలు బ్యాగులకుండే ప్లాస్టిక్ బకిళ్ళు నాలుగు తీశాడు. వాటికి పట్టీలు దూర్చి, చంకల కింద ఇటు రెండు అటు రెండు, చిల్లులు పొడిచి రివెట్లతో బిగించాడు. "క్లిక్‌మంటే పడింది, రెండు పక్కలా నొక్కితే ఊడింది. చెయ్యి అందుతుంది, ఎవరూ అక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు సేనాపతి వంటింటికి వినపడేలా నాలుగు బకిళ్ళూ క్లిక్ క్లిక్‌మనిపించుకున్నాడు. వంగాడు, లేచాడు, అటూ ఇటూ తిరిగాడు. ఒక్క ముక్క కదల్లేదు. ఇక ఆవిడ మెచ్చుకోవడమే తరువాయి అన్నట్టు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆవిడ చేతిలో గిన్నె పెట్టేసి, ఆ బకిళ్ళ వంక కాసేపు చూసింది. ఫోను తీసి తమ్ముడికి కలిపింది. "మీ బావకి చెప్పు, నాకు ఈ నెలంతా తెల్లవారుజాము షిఫ్టు ఇవ్వమని క్లినిక్‌లో అడిగేస్తున్నా. పొద్దున్న ఇంట్లో నాతో పనేం లేదుగా" అంది. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

యజమాని వచ్చాడు. సేనాపతి నేల తాకేంత వంగాడు, కవచం ఇనుములా ఉంది. యజమాని భుజం తట్టి, మనిషంటే ఇలా ఉండాలన్నాడు. మేనేజరు చంకలు గుద్దుకున్నాడు. సేనాపతి మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. గెలిచాను గెలిచాను అని మనసుకి ఎంత చెప్పుకున్నా అది వినలేదు. సూది చూసి పడిపోయిన మనిషి మళ్ళీ వచ్చాడో లేదో, ఆ డాక్టరుకి కళ్ళజోడు దొరికిందో లేదో తనకిక ఎవరు చెబుతారు? ఏడుపొచ్చింది. మీసమున్న సేనాపతి గుమ్మంలో ఏడిస్తే బాగుండదని మింగేశాడు.

సాయంత్రం కవచం చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. "ఇవి తీసెయ్" అన్నాడు.

"ఏం, ఊడాయా?"

"ఊడలేదు. తీసి వీపు మధ్యలో బిగించు."

"అక్కడ పెడితే నీకు చెయ్యి అందదు బావా."

"తెలుసు" అన్నాడు సేనాపతి.

నోటికి అడ్డూ ఆపూ లేని ఆ మనిషి జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని డ్రిల్లు తీశాడు.

మర్నాడు ఇంకా చీకటి విడకముందే ఆవిడ కొత్త షిఫ్టుకి బయల్దేరుతోంది. సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే, రెండు పలకలూ ముందు ఒకటి, వెనక ఒకటి చేతులతో పట్టుకుని ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాకు అందట్లేదు" అన్నాడు.

ఆవిడ ఆయన వెనక్కి వెళ్ళింది. బకిళ్ళు చూసింది. చంకల కింద గుండ్రంగా మిగిలిన చిల్లుల మీద వేలు పెట్టి చూసింది. "ఇక్కడివేమయ్యాయి?"

"ఊడిపోయాయి."

"రివెట్లు వాటంతటవి ఊడవు."

"నేనే తీయించా" అన్నాడు. వీపు తిప్పి చెప్పడం తేలికనిపించిందో ఏమో, లేక ఎదురుగా గోడ తప్ప ఇంకేమీ కనిపించకపోవడం వల్లో, మిగతాది కూడా వచ్చేసింది. "ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీతో పని లేకపోవడం ఏంటి, నాకు ఒక్కరోజు కూడా బాలేదు. నువ్వు కడితేనే వెళ్తా, లేకపోతే వెనక గేటుకే పోతా."

వెనక సంచీ కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మొదటి బకిలు క్లిక్‌మంది.

"ఊపిరి పీల్చండి" అంది ఆవిడ. ఫ్యానుతో కాదు. రెండోది పడింది. "షిఫ్టు నెలంతా మార్చేశారు, ఇక తిరిగి మార్చడం కుదరదన్నారు. మీ డ్యూటీ తొమ్మిదింటికి. ఇప్పట్నుంచీ ఇది మోస్తూ కూర్చుంటారా?"

"కూర్చుంటా."

"సాయంత్రం విప్పేది మళ్ళీ నేనే. ఆ కళ్ళు తిరిగే మనిషి ఇప్పుడు సూది వద్దు, మాత్రలివ్వమని రోజూ వచ్చి కూర్చుంటున్నాడు, పొద్దున్నే వెళ్ళినా నాకు ఎప్పటికవుతుందో తెలీదు."

"ఊఁ" అన్నాడు సేనాపతి.

ఆ నెలంతా ఆ వీధిలో పాలు తెచ్చుకునేవాళ్ళకి తెల్లారకముందే ఇత్తడి కవచంలో బిర్రబిగుసుకుని మెట్ల మీద కూర్చున్న మనిషి కనిపించేవాడు. సాయంత్రమూ అక్కడే ఉండేవాడు. వీపు దురద పుట్టేది, చెమట కారేది, చేరబడితే బకిళ్ళు గుచ్చుకునేవి. వీధి చివర ఆవిడ కనపడగానే లేచి నిలబడేవాడు.

"ఎంతసేపైంది వచ్చి?" అనేది ఆవిడ.

"ఇప్పుడే" అని చెప్పి, వెనక్కి తిరిగేవాడు.