జేబులో దాచమన్న సాయంత్రం

టైలర్ మాస్టరు బట్టలూ కుడతాడు, మాటలతో మనుషుల్నీ కుడతాడు. మొదటిదానికే మజూరీ, రెండోది ఉచితం. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చినవాళ్లు పరువు కూడా కాస్త తగ్గించుకుని, నవ్వుకుంటూనే వెళ్తారు.

ఆ దుకాణంలోనే ఓ మూల స్టూలు మీద కూర్చుని మాస్టరు తమ్ముడు గుండీలు కుడతాడు. అతనికి స్కిజోఫ్రీనియా. మందుల పుణ్యమా అని చెవిలో గొంతులు సద్దుమణిగాయి. ఇంకో సంగతి మాత్రం డాక్టరమ్మ ముందే చెప్పింది: "సంతోషం వచ్చిన క్షణంలో మీకెంతో అతనికీ అంతే. మర్నాటికి జరిగింది గుర్తుంటుంది, ఆ సంతోషమే నిలవదు."

"అంటే ఒక్క ఉతుక్కే వెలిసే రంగన్నమాట" అన్నాడు మాస్టరు. ఆవిడ నవ్వలేదు.

ఆ ఉదయం తమ్ముడు పని పట్టకుండా అన్న చుట్టూ తిరిగాడు.

"అన్నయ్యా, నీ జేబులో నాదేమైనా ఉందా?"

"ఉందిరా, బొక్క. అందులో సగం వాటా నీదే."

కొలత సరిచూసుకోడానికి కచ్చా కుట్టు మాత్రం వేసిన ప్యాంటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డ బ్యాంకు క్యాషియరు కిసుక్కుమన్నాడు. తమ్ముడు వెళ్లి కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించి మళ్లీ లేచాడు.

"పోనీ ఒకసారి చూడకూడదూ?"

"చూశాన్రా బాబూ, సుద్దముక్క ఉంది. నములుతావా?"

అంతలో చెల్లెలు వచ్చింది, చంకలో పసిపాపతో. నిన్న సాయంత్రమే తన బిడ్డను మొదటిసారి తెచ్చి చిన్నన్నయ్య ఒళ్లో పెట్టింది. ఊరెళ్లేముందు ఇంకోసారి చూపిద్దామని వచ్చింది.

"చిన్నన్నయ్యా, ఎవరొచ్చారో చూడు! నిన్న నీ వేలు పట్టుకుని వదిలిందా? గుర్తుందా?"

"ఉంది. పాప వచ్చింది. నా ఒళ్లో పెట్టావు. ఫ్యాను చప్పుడు చేసింది."

నడుము, పొడవు, కాలరు అంటూ కొలతలు చదివినట్టే చెప్పాడు. చెల్లెలి మొహం వాడిపోయింది. మాస్టరుకి నిశ్శబ్దం అంటే చిరుగు. కంటబడితే అతుకెయ్యకుండా ఉండలేడు.

"ఏం చేస్తామమ్మా! ఊరందరికీ గుండీలు కుడతాడు గానీ, వీడి గుండెకే గుండీ లేదు. ఏం పెట్టినా తెల్లారేసరికి జారిపోతుంది!"

క్యాషియరు పొట్ట పట్టుకుని నవ్వాడు. కచ్చా కుట్టు పటుక్కున తెగింది. తమ్ముడు కూడా నవ్వాడు, అందరూ ఆపేశాక.

"చిన్నన్నయ్యకి అంటే జబ్బు" అంది చెల్లెలు. "మరి నీకేమైంది పెద్దన్నయ్యా?"

"నాకా?"

"నిన్న చిన్నన్నయ్య పాపని పట్టుకుని అంత నవ్వి, అంత ఏడ్చి, నీ చెయ్యి పట్టుకోలేదూ? 'అన్నయ్యా, రేపటికి ఇది నాకుండదు, నువ్వు దాచి పొద్దున్నే ఇవ్వు' అనలేదూ? నువ్వేమో 'సరే, జేబులో వేసుకున్నా పోరా' అన్నావు. జేబు తట్టి మరీ!"

క్యాషియరు ప్యాంటు చేత్తో పట్టుకుని తెర వెనక్కి జారుకున్నాడు.

"అదే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "ఏదో ఇచ్చానని తెలుసు. ఏంటో తెలీలేదు."

మాస్టరు వచ్చి తమ్ముడి స్టూలు పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"నిన్న... పాపని ఒళ్లో పెట్టగానే నువ్వు..."

ఆగిపోయాడు. పాప దారపు ఉండలా ఉందని తను అన్నది గుర్తుంది. బావగారి మీద విసిరిన జోకు గుర్తుంది. దేనికి ఎవరెంత నవ్వారో వరసగా గుర్తుంది. తమ్ముడి మొహం మాత్రం గుర్తు రాలేదు. అటు చూస్తేగా! చూసిందంతా నవ్వేవాళ్ల వైపే.

చెవులు కాలిపోయాయి. తల దించుకుని, ఆ దుకాణం ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు: "నువ్వే చెప్పవే. నిన్న వీడు ఏం చేశాడు?"

చెల్లెలు పాపను తమ్ముడి ఒళ్లో పెట్టి చెప్పింది. చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట అందుకున్నాడట. సగంలో మాటలు మరిచిపోయి, ఆ సగాన్నే మళ్లీ మళ్లీ పాడాడట. మాస్టరు నాలుక చివరికి ఒక జోకు వచ్చింది. మింగేశాడు.

తమ్ముడి కళ్లు తడిశాయి. పాప మళ్లీ అతని వేలు పట్టుకుంది.

"ఇది కూడా దాచవా..." అంటూ అన్న వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగి, చెల్లెల్ని చూశాడు. "నువ్వే పొద్దున్న ఫోన్ చేసి చెప్పమ్మా."

మాస్టరు చెయ్యి అప్పటికే జేబు మీద ఉంది.