రెండు పొడుగు, ఒక పొట్టి

జూలై నెల వచ్చిందంటే రాయిస్ టిడ్మోర్‌కి రోజూ ఒకే పని. తెలతెలవారుతుండగా పడవని ట్రక్కు వెనక తగిలించుకుని లిటిల్ కేన్ రిజర్వాయరు రేవుకి చేరతాడు. పెట్రోలు బంకు పక్క కొట్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం ఒకటి, ఐసుగడ్డల సంచీ ఒకటి కొంటాడు. ఆ రోజు చేపల వేటకి వచ్చినవాళ్ళని పడవెక్కించుకుంటాడు. సూర్యుడు పైన్ చెట్లు దాటేదాకా బాస్ చేపలు ఒడ్డు దగ్గరే, నీటి పైపైనే తిరుగుతుంటాయి. ఎండెక్కిందా, పైనీళ్ళు స్నానానికి కాచినట్టయిపోతాయి, చేపలన్నీ లోతుకి జారుకుంటాయి. ఎక్కడికి జారుకుంటాయో తెలిసినవాడే అక్కడ గైడు. రాయిస్‌కి అది ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

నీటి కింద ఇరవై రెండు అడుగుల లోతున పాత ఊరి రోడ్డుంది. డ్యాము కట్టి గేట్లు దించినప్పుడు ఆ రోడ్డూ, దాని పక్కనున్న కిరాణా స్టోరూ, టెలిఫోను స్తంభాలూ తీగలతో సహా మునిగిపోయాయి. వేసవిలో బాస్ చేపలు ఆ రోడ్డు అంచు వెంబడే బారులు తీరి నిలబడతాయి. కరెంటు పుట్టించడానికి డ్యాము దగ్గర నీళ్ళు వదిలినప్పుడు అడుగునీరు కదులుతుంది. అది కదిలితే చేపలకి ఆకలి పుడుతుంది, ఫోన్లు మోగుతాయి.

ఫోన్ల సంగతి ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగిందే. సీసపు గుండు కట్టిన దారం పోయి పాత తీగ మీద పడితే చేతిలో గాలపు కర్ర సన్నగా వణుకుతుంది. కర్ర మొదలు దవడ ఎముకకి ఆనించుకుంటే మాటలు వినబడతాయి. ఎవరి ఆవు ఈనింది, ఎవరు ఎన్ని సీసాల చిక్కుళ్ళు నిలవ పెట్టారు, ఆదివారం పాస్టరు ప్రసంగం ఎంతసేపు సాగదీశాడు, చాలామట్టుకు ఇవే. కొందరు ముసలివాళ్ళు చేపలకోసం కాక ఇందుకోసమే వచ్చేవాళ్ళు, పోయిన అక్క దగ్గో, అమ్మ నవ్వో చెవిన పడుతుందని. చేపల శాఖ ఇన్‌స్పెక్టరు పడవ పక్కకి వచ్చి అడిగేది ఒక్కటే, గాలం ఉందా, వట్టి గుండేనా అని. గాలం ఉంటే లైసెన్సు చూపించాలి. వినడానికైతే ఏమీ అక్కర్లేదు.

ఊరు మునగక ముందు ఆ లోయ మొత్తానికీ ఒకటే తీగ, ఇంటికో రకం గంట. ఎవరి గంట మోగినా అందరూ ఎత్తి వినొచ్చు, వినేవాళ్ళు కూడాను. జవాబు చెప్పే హక్కు మాత్రం ఆ ఇంటివాళ్ళదే. నీళ్ళ కిందా అదే పద్ధతి నడుస్తోంది. టిడ్మోర్ల గంట రెండు పొడుగు, ఒక పొట్టి అని రాయిస్‌కి వాళ్ళ నాన్న హోయ్ట్ బతికుండగా చెప్పాడు. ఈ ముప్ఫై ఏళ్ళలో రాయిస్ ఆ గంట ఒక్కసారీ వినలేదు.

ఆ గురువారం రేవు దగ్గర చర్చి వాళ్ళ తెల్ల వ్యాను ఆగి ఒక ముసలావిడని దింపి వెళ్ళింది. పేరు ఆర్వెల్లా క్రేన్. ఎనభై ఏడేళ్ళు. చర్చివాళ్ళ వృద్ధాశ్రమంలో ఉంటోంది. చేతి సంచీ గుండెకి హత్తుకుని, రాయిస్ చెయ్యి పట్టుకుని పడవెక్కింది. చేపలు తనకి అక్కర్లేదంది. అయినా గాలం కట్టమంది, ఊరికే కూర్చుంటే తోచదట.

రాయిస్ రబ్బరు వానపాముని గాలానికి గుచ్చి రోడ్డు మలుపు మీద పడవ నిలిపాడు. నీళ్ళు ఇంకా వదల్లేదు. ఆవిడ అతని మొహంలోకి చూస్తూనే ఉంది. అతనికి ఇబ్బందిగా అనిపించి ఎండ గురించి ఏదో అన్నాడు.

"అచ్చం మీ నాన్న గొంతే," అంది ఆర్వెల్లా.

నాన్నని మీరెరుగుదురా అని అడిగితే చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో పరాయివాళ్ళ ముచ్చట చెబుతున్నట్టే చెప్పుకుపోయింది. అరవై ఎనిమిదేళ్ళ కిందట, ఊరు ఖాళీ చేయమని నోటీసులొచ్చిన వేసవిలో, ఆవిడకి బర్మింగ్‌హామ్‌లో నర్సు చదువుకి సీటొచ్చింది. బస్సు మధ్యాహ్నం పన్నెండుకి. ఇరవై ఏళ్ళ హోయ్ట్ టిడ్మోర్ ఉండమంటే ఉండిపోదామని, పొమ్మంటే పోదామని మనసులో అనుకుని స్టోరులోంచి అతనికి ఫోను చేసింది. ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు. పొలం నుంచి వచ్చాక, గంట విన్న ఇరుగుపొరుగు చెబితే పరిగెత్తుకొస్తాడులే అని బస్సు వదిలేసింది. సాయంత్రందాకా స్టోరు మెట్ల మీదే కూర్చుంది. అటుగా పోతున్న పశువుల దాణా కంపెనీ మనిషి వెస్టర్ క్రేన్ బండి ఆపి ఎక్కమన్నాడు.

"ఆ బండి దిగడానికి నాకు నలభై ఒక్క ఏళ్ళు పట్టింది," అంది.

వెస్టర్ ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. ఇంట్లో ఫోను పెట్టనివ్వలేదు, చదువు మాట ఎత్తనివ్వలేదు. బిడ్డ ఒకసారి కడుపున పడింది, ఏడో నెలదాకా నిలిచింది. "మా ఇంటి మెట్ల దగ్గర, ఆయన," అని ఆర్వెల్లా ఆగిపోయింది. వెస్టర్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆ రోజు హోయ్ట్ ఇంట్లో గంట నిజంగా మోగిందా, లేక తీగే తెగి ఉందా అన్నది.

నాన్న నోట రాయిస్ ఈ పేరు ఎన్నడూ వినలేదు. ఆ తర్వాత మూడేళ్ళకి నాన్న అమ్మని చేసుకున్నాడు, సుఖంగానే బతికారు. ఈవిడ ఒక ఫోనుకి ఆవల కూర్చుండిపోయిందని నాన్నకి తెలుసో తెలియదో.

పదిన్నరకి డ్యాము వైపునుంచి సైరను వినబడింది. నీళ్ళు వదిలారు. కాసేపటికి పడవ కింద అడుగునీరు కదిలినట్టు దారం పక్కకి వాలింది. కర్ర వణికింది. చేప ముట్టిందనుకున్నాడు రాయిస్. మళ్ళీ వణికింది. రెండు పొడుగు, ఒక పొట్టి.

కర్ర దవడకి ఆనించుకున్నాడు. సందేహం లేదు, తమ ఇంటి గంటే.

ఆర్వెల్లా అతని మొహం చూసే గ్రహించింది. "మోగుతోంది కదూ," అంది మెల్లగా. "అయితే మోగిందన్నమాట."

అరవై ఎనిమిదేళ్ళ కిందటి ఆ గంట ఆగడంలేదు. జవాబు చెప్పే హక్కున్నవాడు ఆ నీళ్ళ మీద తనొక్కడే. ఎత్తితే ఏం చెప్పాలి? హోయ్ట్ వస్తున్నాడు, ఉండమని చెబితే? ఈవిడ ఉండిపోతుంది, నాన్న ఈవిడనే చేసుకుంటాడు. అమ్మ ఊసే ఉండదు. అప్పుడు తను ఉండడు. తను లేకపోతే ఈ కర్ర ఎవరు పట్టుకున్నట్టు, ఈ ఫోను ఎవరు ఎత్తినట్టు? కుక్క తన తోక వెంట తిరిగినట్టు అతని ఆలోచన అక్కడక్కడే తిరిగింది.

అంతలో గాలానికి నిజంగానే చేప పడింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆలోచనకోసం ఆగలేదు. కర్ర విసురుగా పైకి లాగాడు. గాలం దిగింది. అదే క్షణాన, ఫోను ఎత్తినట్టే గంట ఆగిపోయి, దవడ ఎముకలో ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

"హోయ్ట్? నువ్వేనా?"

పంతొమ్మిదేళ్ళ గొంతు. ఆ గొంతు గలావిడ ఎనభై ఏడేళ్ళ మనిషై పడవ ముందు బల్ల మీద కూర్చుని ఉంది. చేప ఏడు పౌన్లకి తక్కువుండదు, కర్రని విల్లులా వంచేస్తోంది. రీలు తిప్పితే చేప పైకొస్తుంది, దారం తీగని వదిలేస్తుంది. వదులు చేస్తే చేప గాలం ఊడగొట్టుకుంటుంది, అప్పుడూ మాట తెగిపోతుంది. ముప్ఫై ఏళ్ళు అందరికీ తిప్పండి తిప్పండి అని నేర్పినవాడు రీలు మీద బొటనవేలు అదిమిపెట్టి కదలకుండా నిలబడ్డాడు.

"ఏం చెప్పమంటారు?" అన్నాడు ఆర్వెల్లాతో.

ఆవిడ నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే, ఉండమను అని. తీరా అడిగితే అది పెదవి దాటలేదు. అతని నెరిసిన మీసం వైపు, కర్రని బిగించి పట్టుకున్న చేతుల వైపు చూసింది.

"నీకు పిల్లలున్నారా నాయనా?"

"ఇద్దరమ్మా."

ఆవిడ చేతి సంచీ తెరిచింది, ఏమీ తీయకుండానే మూసింది.

"బస్సెక్కమను," అంది.

రాయిస్ కర్ర మొదలు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. హోయ్ట్ ఇంట్లో లేడనీ, అతని కోసం చూడకుండా బస్సెక్కి వెళ్ళిపొమ్మనీ చెప్పాడు.

"ఎవరు మాట్లాడేది?" అంది గొంతు.

అబద్ధం ఆడాలన్న ఊహ కూడా అతనికి రాలేదు. "హోయ్ట్ కొడుకుని."

"హోయ్ట్‌కి పెళ్ళే కాలేదు."

"కాలేదనుకో. అయినా నేను వాళ్ళబ్బాయినే."

"ఎన్నేళ్ళు నీకు?"

"యాభై ఎనిమిది."

తీగ మీద చెవులప్పగించి వింటున్న ఆడవాళ్ళెవరో ఇద్దరు కిసుక్కుమన్నారు. ఫోను ఠపీమని పెట్టేసిన చప్పుడు రాయిస్ పళ్ళదాకా తాకింది. అదే ఊపున చేప నీళ్ళు చీల్చుకుని పైకెగిరి, తల విదిలించి, గాలం వదిలించుకుని పోయింది.

ఆర్వెల్లా మొహం మీద పడ్డ నీళ్ళు తుడుచుకుంది. పెద్ద చేపే, పోగొట్టుకున్నావు అంది. రాయిస్ అవునన్నాడు. మోటారు వేసి పడవని రేవు వైపు తిప్పాడు. భార్య జెనీవా పేరు ఒకసారి తలుచుకున్నాడు, పిల్లల పేర్లూ, వాళ్ళ పుట్టినరోజులూ. అన్నీ సరిగానే వచ్చాయి. మీసం తడిమి చూసుకున్నాడు. ఉంది.

రేవు దగ్గర చర్చి వ్యాను లేదు. నీలం రంగు కారొకటి ఉంది. అరవై దాటిన పొడవాటి మనిషి ఒకామె ప్యాంటు మడుచుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పడవ తాడు అందుకోవడానికి చేతులు చాపింది.

"అమ్మా, టోపీ పెట్టుకోమన్నానా లేదా? మొహం చూడు ఎలా కందిపోయిందో."

రాయిస్ తాడు విసరడం మరిచిపోయాడు. "మిసెస్ క్రేన్," అన్నాడు, "మీకు పిల్లలు..."

ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. క్రేన్ ఎవరని అడిగింది ఆ పొడవాటి మనిషి. తన పేరు లినెట్ అనీ, అమ్మ ఇంటిపేరు మోబ్లీ అనీ, పొద్దున అమ్మని దింపినప్పుడే చెప్పాననీ అంది. రాయిస్ తలలో ఇప్పుడు రెండు పొద్దులున్నాయి. ఒకదాంట్లో తెల్ల వ్యాను, ఒకదాంట్లో నీలం కారు. రేడియోలో రెండు స్టేషన్లు కలగలిసి వినబడ్డట్టు ఏదీ స్పష్టంగా లేదు, ఏదీ పోవడమూ లేదు.

వెస్టర్ క్రేన్ అనే మనిషిని మీరెరుగుదురా అని ముసలావిడని అడిగాడు. ఆవిడ నుదురు చిట్లించి ఆలోచించింది. అప్పట్లో దాణా అమ్మే అతనొకడు ఉండేవాడనుకుంటా, ఎందుకూ అంది. వెస్టర్ ఇంటి మెట్ల దగ్గర పోయిన బిడ్డ సంగతి ఇప్పుడు లోకంలో రాయిస్ ఒక్కడి దగ్గరే ఉంది. దాన్ని ఎవరికి అప్పజెప్పాలో, అసలు జరగనిదాన్ని మోయడం ఎలాగో అతనికి అర్థంకాలేదు.

"మరైతే ఇవాళ ఏం విందామని వచ్చారు?" అన్నాడు.

ఆర్వెల్లా నవ్వింది. కూతురి భుజం ఆసరాగా పడవ దిగి, నీళ్ళలో నిలబడే చెప్పింది. తను నలభై ఏళ్ళు బర్మింగ్‌హామ్ ఆస్పత్రిలో కాన్పులు చేసిందట. ఎంతమంది పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిందో లెక్కలేదట. మొగుడు మోబ్లీ మంచివాడు, గురక ఒక్కటే లోపం. ఇదంతా ఎలా మొదలైందంటే, ఒక వేసవిలో హోయ్ట్ అనే కుర్రాడి ఇంటికి ఫోను చేసింది. ఎవడో తాగుబోతు ఎత్తి, తను హోయ్ట్ కొడుకునన్నాడు. యాభై ఎనిమిదేళ్ళట. తీగ మీద విన్నవాళ్ళంతా నవ్వారు. హోయ్టే వేళాకోళానికి ఎవడినో పెట్టి ఇలా ఆడించాడనుకుని, ఒళ్ళు మండి బస్సెక్కేసింది. దారిపొడుగునా ఏడుస్తూనే ఉందిట.

"వాడెవడో దొరికితే చెవి మెలిపెడదామని వచ్చాను," అంది. "గంట మోగనే లేదు. వట్టి చేప తగిలింది, అదీ పోయింది."

రాయిస్ పడవ దిగాడు. టోపీ తీసి ఆవిడ ముందు తల వంచాడు.

"ఇదేమిటి నాయనా?"

"నా పేరు రాయిస్ టిడ్మోర్ అమ్మా. హోయ్ట్ కొడుకుని. మొన్న మార్చిలో యాభై ఎనిమిది నిండాయి."

లినెట్ తాడు పట్టుకుని ఒకసారి తల్లినీ, ఒకసారి గైడునీ చూస్తోంది. ముసలావిడ తడిచెయ్యి చాపి అతని చెవి పట్టుకుంది. పట్టుకుందేగాని మెలిపెట్టలేదు, వదలనూ లేదు.

"అమ్మా, ఏమిటిది, వదిలెయ్ పాపం," అంది లినెట్.

"ఆగవే," అంది ఆర్వెల్లా. "అరవై ఎనిమిదేళ్ళు ఆగాను నేను."

రాయిస్ వంచిన తల ఎత్తలేదు.