బసలింగప్ప లెక్కల పరీక్ష

పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే బసలింగప్ప పదకొండు పట్టాలు సంపాదించాడు. చరిత్ర, కన్నడం, తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం... రిటైరై ఎనిమిదేళ్లయినా జూన్ వచ్చిందంటే ఏదో ఒక కోర్సుకు దరఖాస్తు నింపాల్సిందే. ధార్వాడలో ఆయన్ని తెలియనివాళ్లు తక్కువ.

ఆ ఏడు విశ్వవిద్యాలయం ఆయనకు సన్మానం తలపెట్టింది. పదో తరగతి మొదలు అసలు సర్టిఫికెట్లన్నీ పరిశీలనకు తెమ్మని ఉత్తరం రాసింది. భార్య నీలవ్వ వీధంతా పాలకోవా పేడాలు పంచింది. బసలింగప్ప మాత్రం మర్నాడే హుబ్బళ్లిలో ఉన్న అన్న రుద్రప్ప దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, పదో తరగతిది కూడా అడిగారు."

"అడిగితే ఇవ్వు. యాభై ఏళ్ల కిందటి మాట. అప్పుడు హాల్ టికెట్ మీద ఫొటో కూడా లేదు."

"లెక్కల పరీక్ష రాసింది నువ్వు కదా!"

"మెల్లగా! కోడలు వింటుంది. నువ్వు రెండుసార్లు తప్పావు, అమ్మ ఏడుస్తుంటే చూడలేక రాశాను. ఈ వయసులో నన్ను బజారుకీడుస్తావా ఏం?"

బసలింగప్ప తిరుగు బస్సెక్కాడు. తర్వాతి పట్టాలన్నీ నిజాయితీగా చదివినవే. అయినా ఫలితం వచ్చిన ప్రతిసారీ, ఇదీ ఆ దొంగ సర్టిఫికెట్ మీదే నిలబడిందని గుండె ఝల్లుమనేది. వెంటనే ఇంకో దరఖాస్తు.

పరిశీలన రోజున విశ్వవిద్యాలయం కౌంటరు ముందు వరుసలో నిలబడ్డాడు. "రండి సార్, మీవి చూడటమెందుకు, సంతకం పెట్టేస్తే చాలు" అని గుమస్తా నవ్వాడు. ఆ మాట వినగానే ఒంట్లో బాగోలేదని చెప్పి ఫైలుతో వెనక్కొచ్చేశాడు. ఇంటికొచ్చి భార్యకు ఉన్నదంతా చెప్పాడు.

నీలవ్వ ఆ ఫైలు తెరిచి చూసింది. "ఇందుకేనా ఏటేటా ఆ పరీక్షలు? నాకు ముందే చెప్పుంటే లెక్కలు నేను నేర్పేదాన్ని కదండీ!" అంది. బడిలో ఆవిడ ఆ సబ్జెక్టులో ఫస్టు.

సన్మానం వద్దని ఉత్తరం రాశాడు. ఓపెన్ స్కూల్లో లెక్కల పేపరు ఒక్కదానికి ఫీజు కట్టి, ఆర్నెల్లు భార్య దగ్గర కూర్చుని వర్గమూలాలతో కుస్తీ పట్టాడు. మనవళ్ల ఈడు పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాడు. ఫలితం వచ్చేదాకా నిద్ర లేదు.

ముప్పై ఎనిమిది మార్కులు. పాస్.

విశ్వవిద్యాలయానికి నిజం చెప్పే ఉత్తరం మాత్రం అన్న పరువు తలచుకుని రాయలేకపోయాడు. ఆ దిగులు తీరలేదు. కాని తర్వాతి జూన్‌లో ఏ కోర్సుకూ దరఖాస్తు చేయలేదు.