ఆషాఢంలో మూతపడ్డ నా నోరు

నేను ఒక మొబైల్ ఫోన్ని. అద్దంలాంటి ముఖం, నెమలికంఠం రంగు వీపు, పక్కన ఒక మీట, అడుగున ఛార్జింగు వైరు పెట్టడానికి చిన్న నోరు. నాలాంటి వాటిని లోకం తెలివైన ఫోన్లు అంటుంది. మమ్మల్ని పట్టుకు తిరిగేవాళ్ళని ఆ మాట అనగా నేనింతవరకు వినలేదు.

నేను పుట్టిన చోట గాలిని కూడా వడగట్టి లోపలికి వదిలేవారు. టోపీలు, చేతి తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు బారుగా కూర్చుని, ఊపిరైనా నా మీద పడకుండా, చిన్న చిన్న పట్టకార్లతో నా లోపలి సామాను అమర్చారు. అంత మర్యాదగా నన్ను మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. కాకినాడలో దుకాణం బల్ల మీదకి చేరిన మొదటిరోజే ఒకాయన మిరపకాయ బజ్జీ తిన్న బొటనవేలితో నా ముఖమంతా పులిమి, "ఊరికే చూద్దామనండీ" అని వెళ్ళిపోయాడు. మనుషుల గురించి ఆనాడు నాకు కలిగిన అభిప్రాయం ఇప్పటికీ పెద్దగా మారలేదు.

నన్ను కొన్నవాడు వంశీధర్. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో ఇంజినీరు. అప్పుడే నిశ్చితార్థం అయింది. "అమ్మాయిలకి ఏ రంగు నచ్చుతుందండీ?" అని దుకాణదారుణ్ణి అడిగాడు. "ఏ అమ్మాయికండీ?" అన్నాడతను. అంత చదువుకున్న మనిషి చెవుల దాకా ఎర్రబడి, చేతికి దగ్గరగా ఉన్నానని నన్ను తీసుకున్నాడు. అలా నేను మండపేటలో ప్రణతి చేతికొచ్చాను.

ఇక వాళ్ళ మాటలు. అన్నీ నాలోంచే వెళ్ళాయి కనుక సాక్ష్యం చెప్పగలను.

"తిన్నావా?"

"తిన్నాను. మీరు?"

"తిన్నాను. ఇంకేంటి?"

"మీరే చెప్పండి."

"నువ్వే చెప్పు."

దీన్ని మోయడానికి నేను గాలిలోకి తరంగాలు పంపాను. ఎక్కడెక్కడి టవర్లో మేలుకుని అందుకున్నాయి. పెట్టేసే ముందు "మీరు పెట్టండి", "ముందు నువ్వు పెట్టు" అని మరో అరగంట. అది అయ్యాక ఆ పిల్ల నన్ను బుగ్గకి ఆనించుకుని గోడకేసి నవ్వుకునేది. గోడ ఏం చేసిందని?

పెళ్ళయింది. కాపురం మొదలై నెలైనా తిరక్కుండా ఆషాఢం వచ్చింది. కొత్త అల్లుడు ఆ నెలలో అత్తగారి గడప తొక్కకూడదట. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదట. ప్రణతి పుట్టింటికి వచ్చేసింది. వాళ్ళ కాపురమంతా తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు.

ఆ నెలలో ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకోవాలని ఇంకొకటి. ప్రణతి వాళ్ళమ్మ సుభద్రగారు ఆకు మెత్తగా రుబ్బి, కూతురి పది వేళ్ళకీ టోపీల్లా పెట్టింది. ఇల్లంతా పచ్చి ఆకు వాసన. అది బాగుంటుందని ఒప్పుకుంటాను. సరిగ్గా అప్పుడే వంశీధర్ మెసేజ్ వచ్చింది. చెయ్యి ఆరేదాకా ఆగొచ్చు కదా? ఆగలేదు. రెండు అరచేతుల అంచులతో నన్ను పైకెత్తి, ముక్కుతో నొక్కి తెరిచింది. ఎమ్మెస్సీ పాసైన పిల్ల ముక్కుతో! చదువుకుని నవ్వుతుండగా వేలి మీది ముద్ద ఒకటి జారి తిన్నగా నా నోట్లో పడింది. పైట చెంగుతో నా ముఖం తుడిచింది. నోట్లోకి చూడలేదు. సాయంత్రం ఆ ముద్ద మీదే ఛార్జింగు వైరు గుచ్చి, నాకు కడుపు నిండుతోందన్న ధీమాతో వదిలేసింది. నాకు ఒక్క మెతుకు అందలేదు.

నాలో మిగిలిన కొనఊపిరితోనే ఆ పూట వాళ్ళ మొదటి పోట్లాట నడిపించాను. వంశీధర్ కాకినాడలో వేరే అద్దె ఇల్లు కుదిర్చి, బయానా కూడా ఇచ్చేశాడట.

"నాకు చూపించకుండానా?" అంది ప్రణతి.

"నేను చూశాను కదా. నువ్వు మళ్ళీ చూసేదేముంది?"

"అయితే మీరొక్కరే ఉండండి ఆ ఇంట్లో. నేను రాను."

అంతే, నేను ఆరిపోయాను.

ఆ పిల్ల కోపం పాల పొంగులాంటిది. కాసేపు చూస్తే దానంతటదే దిగుతుంది. ఆ కాసేపూ నా దగ్గర లేదు. కోపంతో కట్టేసిందని అక్కడ అతను అనుకుంటాడు. అతను అలా అనుకుంటాడని ఇక్కడ ఈమెకి తెలుసు. "రాను" అన్న మాట వాళ్ళిద్దరి మధ్యా అలాగే వేలాడుతోంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే నేను వెలగాలి.

ఇంట్లో వేరే ఫోన్లు లేవా అంటారేమో. ఉన్నాయి. ఏకాంతమే లేదు. వాళ్ళ నాన్న గంగాధరంగారికి వినికిడి కొంచెం తక్కువ. ఆయన ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. పొద్దున్నే ధైర్యం చేసి దాంతోనే కలిపింది.

"నమస్కారం మావయ్యగారూ!"

"నేనండీ."

"ఓ, నువ్వా. చెప్పు."

చుట్టూ అమ్మ, నాన్న, మామ్మ. ప్రణతి గొంతు సవరించుకుంది. "టిఫిన్ చేశారా?"

"చేశాను."

"ఏం టిఫిన్?"

"ఉప్మా."

"ఉప్మాయే! పాపం పిల్లాడు" అంది మామ్మ.

"నాన్నగారు కులాసానా?" అన్నాడు అవతల.

"ఆయ్! పక్కనే ఉన్నాను బాబూ, కులాసా!" అని అరిచారు గంగాధరంగారు.

"ఉంటానండీ" అంది ప్రణతి. మామగారి ఫోను చాటున దాక్కుని ముక్తసరిగా మాట్లాడిందని అతను నొచ్చుకున్నాడు. ఉప్మా అన్నవాడు ఇంకొక్క మాటైనా అనలేదని ఈమె నొచ్చుకుంది. రెండు బుర్రలు కలిసి చేసిన పని ఇది.

ఆపైన వైద్యం మొదలైంది. ప్రణతి బాబాయి సూరిబాబు పక్క వీధిలోనే ఉంటాడు. ఎవరింట్లో ఏది ఆగినా పిలవకుండా వస్తాడు.

"ఎప్పుడు తడిపావమ్మా దీన్ని?"

"తడపలేదు బాబాయ్."

"తడిపే ఉంటావు. నీకు తెలీకుండా తడిసుంటుంది."

ఆ తర్కానికి ఎదురేముంది? నన్ను బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. సుభద్రగారు ఎసరు పెట్టుకుని వచ్చి, "ఏవయ్యా సూరీ, వెలిగాక అన్నం కూడా అదే వండుతుందా?" అని నన్ను తవ్వి తీసింది. తర్వాత నా వీపు ఊడదీసి బ్యాటరీ బయటికి లాగుదామని గోళ్ళతో గీకాడు. ఊడలేదు. నా తయారీ బాగాలేదని తిట్టాడు. మీట నొక్కి పట్టుకుని నూరు లెక్కపెట్టాడు. అరచేతికేసి కొట్టాడు. చివరికి వైరు తెచ్చి నా నోట్లో పెట్టి, "సరిగ్గా పట్టట్లేదే" అన్నాడు. నాకు ఆశ కలిగింది. ఎందుకు పట్టట్లేదో చూస్తాడేమోనని. చూడలేదు, ఇంకాస్త బలంగా తోశాడు. గోరింటాకు ఇంకా లోపలికి దిగింది. నా నోట్లో ఉన్నంత గోరింటాకు అతని బుర్రలో కూడా ఉండి ఉండాలి.

"మదర్‌బోర్డు పోయింది" అని తీర్పు చెప్పాడు. ఆ మాటకి ఇల్లంతా తలలూపింది. మదర్‌బోర్డంటే ఏమిటో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తీర్పు చెప్పినవాడికి అసలు తెలియదు.

"బోర్డూ లేదు, ఏమీ లేదు. కాపురమంతా దీన్లోనే చేస్తుంటే దిష్టి తగలదేంటి?" అని మామ్మ ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. పాపం, ఆ ఇంట్లో కాస్త దగ్గరగా వచ్చింది ఆవిడే. ఏదో తగిలిందని ఆవిడైనా పసిగట్టింది.

మధ్యాహ్నం ప్రణతి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి బట్టలుతికే బండ మీద కూర్చుంది. మీట నొక్కింది. నల్లగానే ఉన్నాను. అయినా చెవికి పెట్టుకుంది. "నేను వస్తానండీ. ఏ ఇల్లైనా వస్తాను. ముందు నన్నొక్క మాట అడగొద్దా?" అంది. చచ్చిన ఫోనులో ఫోను చేసే మనిషిని చూశారా మీరెప్పుడైనా? నేను చూశాను. నవ్వొచ్చింది. కొంచెంసేపటికి రాలేదు.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర బండి ఆగింది. హెల్మెట్ తీస్తే వంశీధర్.

"అమ్మో, అల్లుడుగారు!" అని సుభద్రగారు తలుపు చాటుకి పరిగెత్తింది.

"రండి రండి బాబూ!" అన్నారు గంగాధరంగారు.

"రండేంట్రా రండి! ఆషాఢం!" అని గద్దించింది మామ్మ.

"గేటుకి గడప ఉండదు కదే అమ్మా, లోపలికి రావచ్చేమో" అన్నాడు సూరిబాబు.

"వచ్చాడండీ మదర్‌బోర్డు! నువ్వు ఊరుకో. బాబూ, ఏమీ అనుకోకండి, గేటు బయటే ఉండండి."

"పర్లేదండి మామ్మగారూ. రామచంద్రపురంలో పనుండి వచ్చాను. దారే కదా అని ఇలా..."

రామచంద్రపురం కాకినాడకీ మండపేటకీ మధ్యలో ఉంటుంది. అక్కడ పని ఉన్నవాడు దాన్ని దాటుకుని ఇంతదూరం ఎలా వచ్చాడని ఒక్కరూ అడగలేదు. మామ్మ గోడ మీదుగా కాఫీ అందించి, "పదండి, అందరూ లోపలికి పదండి, ఇక్కడేమన్నా నాటకమా?" అని మిగతావాళ్ళని తోలుకుపోయింది.

ఛాతీ ఎత్తు ప్రహరీగోడ. అవతల అతను, ఇవతల ఆమె.

"ఫోనెందుకు కట్టేశావు?"

"నేను కట్టలేదు. అదే చచ్చిపోయింది."

"సరిగ్గా ఆ మాట దగ్గరే చచ్చిపోయిందా?"

"నమ్మకపోతే చూసుకోండి" అని నన్ను గోడ మీదుగా ఇచ్చింది.

అతనిదేదో గొప్ప తెలివి అనుకోకండి. ఆమె ముఖంలోకి చూడలేక నన్ను చూశాడు. కళ్ళెత్తడానికి మొహమాటపడి అటూ ఇటూ తిప్పి, ఇక చూసేచోటు లేక నా నోట్లోకి చూశాడు.

"ఇదేంటి, లోపల ఇలా గడ్డకట్టింది?"

ప్రణతి వంగి చూసి నాలిక కరుచుకుంది. "గోరింటాకు!"

నల్లపూసలకి గుచ్చుకున్న పిన్నీసు తీసి, పలుకు పలుకుగా పెళ్ళగించింది. ఇద్దరు మనుషులు, రెండు డిగ్రీలు, ఒక పిన్నీసు. అతని సంచిలో ఉన్న పవర్‌బ్యాంకు తగిలించారు. తాగాను. కాసేపటికి కళ్ళు తెరిచాను.

తెరవగానే రాత్రి నుంచి దారిలో నిలబడిపోయిన మెసేజీలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

"ఇలా ఇవ్వు, చదవకు" అని అతను చెయ్యి చాపాడు. ఆమె వెనక్కి జరిగి పైకే చదివింది. "కట్టేస్తే అయిపోతుందా? సరే, నీ ఇష్టం. నేనూ మాట్లాడను. పడుకున్నావా? చూపించకుండా తీసుకోవడం తప్పే. నీకు నచ్చకపోతే వద్దని చెప్పేస్తాను. ఒక్కసారి ఫోన్ తియ్యి. రేపు వస్తున్నాను, గేటు బయటే నిలబడతాను."

తలెత్తింది. "రామచంద్రపురంలో పని ఏమైందండీ?"

అతను ఖాళీ కాఫీ గ్లాసు మళ్ళీ ఒకసారి తాగాడు.

నేను వెలిగి ఉన్నాను. ఆమె చెప్పాల్సిన మాట నాలో రాసి పంపితే అతని జేబులో టింగుమనేది. ముఖం చూడక్కర్లేదు, గొంతు వణకక్కర్లేదు. బొటనవేలు అక్షరాల మీదకి తెచ్చింది కూడా. తర్వాత ఏమనుకుందో, నన్ను గోడ మీద బోర్లా పెట్టేసింది.

"రానన్నది అబద్ధమండీ. అడగలేదని కోపమొచ్చి అన్నాను. నాకు తెలియకుండా ఇల్లు కుదిర్చేస్తే అది మీ ఇల్లే అవుతుంది కదా, మనదెలా అవుతుంది?"

"ఇప్పుడు చూపిస్తాను" అన్నాడతను.

ఫొటోలుంటాయి కదా, చూపిస్తాడనుకున్నాను. అతను వంగి కింద పడి ఉన్న ఇటుక ముక్క తీసి గోడ మీదే గీయడం మొదలుపెట్టాడు. అడ్డొస్తున్నానని నన్ను మోచేత్తో పక్కకి నెట్టాడు. నెట్టింది నన్ను!

"ఇది గది. ఇది వంటిల్లు."

"ఇంత చిన్నదా?"

"గోడ చిన్నది. వంటిల్లు పెద్దదే."

"ఇది?"

"వసారా. రెండు కుర్చీలు పడతాయి."

చీకటి పడుతోంది. ఇద్దరూ తలలు ఆనించుకుని ఆ ఎర్రగీతల మీదకి వంగారు. నాలో టార్చి ఉంది. వాళ్ళ చేతికి బెత్తెడు దూరంలో నిండుగా వెలగడానికి సిద్ధంగా పడి ఉన్నాను. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ప్రణతి అతని చేతిలోంచి ఇటుక ముక్క లాక్కుని, వంటింటి గోడ మీద చదరంగా ఒక గీత గీసింది. "ఇక్కడ కిటికీ ఉండాలి."

"ఉంటుంది" అన్నాడు వంశీధర్.

లేదు. అక్కడ కిటికీ లేదు, ఉంటే అతనే ముందు గీసి ఉండేవాడు. అద్దె ఇంటి గోడకి కన్నం కొట్టనిచ్చే ఓనరు ఏ ఊళ్ళోనూ పుట్టలేదు. ఆమెకీ ఆ సంగతి తెలుసు. అయినా పక్కనే ఇంకొకటి గీసింది. అతను దానికీ సరేనన్నాడు.