మర్గట్రాయిడ్ దొర ముక్కు

మా మిల్లు యజమాని జాబెజ్ మర్గట్రాయిడ్‌కి నలభై ఏళ్లొచ్చాక ముక్కు మొలిచింది. అంతకుముందు ఏ వాసనా తెలిసేది కాదు. లండన్ నుంచి పెళ్లాన్ని తెచ్చుకున్న వారానికే మిల్లు కంపు కొడుతోందని కనిపెట్టాడు.

ఎందుకు కొట్టదు? మా లోయలో ఎవరూ రాత్రిపూట ఉచ్చ పారబోయరు. గడప పక్కన తొట్టిలో పోసి ఉంచితే మిల్లు బండి వచ్చి పట్టుకెళుతుంది. అది పులిస్తేనే ఉన్నిబట్ట జిడ్డు వదులుతుంది. ఉతుకుడు చావడిలో ముప్పై ఏళ్లు చేతులు నానబెట్టినవాణ్ణి, నాకు తెలియదా? జాబెజ్ తాత ఆ బండి ఈడ్చే పైకొచ్చాడు. ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి మనవడికే పుట్టింది.

"రేపట్నుంచి బండి ఆపెయ్, ఎనక్. సబ్బుతో ఉతకండి," అన్నాడు నాతో, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"సైనికుల కోట్ల బట్ట దొరా. సబ్బుకి ఈ జిడ్డు పోదు, నీలం పట్టదు. ఇది తిరిగొస్తే మిల్లు మూతే."

"నాకు తెలుసులే. వాళ్ల మురికి నా గేటు దాకా రాకూడదని ఆ తొట్లు నింపే ఆడవాళ్లకి కూడా చెప్పు."

చెప్పాను. ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాను.

బట్టంతా బొల్లి మచ్చలతో తేలింది. సైన్యం వాళ్లు తిప్పి పంపి, చివరిసారిగా ఒక నెల గడువిచ్చారు. జాబెజ్ పరుగున బండి పంపాడు. ఖాళీగా తిరిగొచ్చింది. వీధి వీధంతా తొట్లు బోర్లించేసింది.

అప్పుడు వచ్చింది దొర వాళ్లమ్మ కెజయా, కర్ర పొడుచుకుంటూ. మిల్లు ఇంకా ఆవిడ పేరనే ఉంది.

"ఒరేయ్, ఆ ఒంటిమీది కోటు ఎక్కడిదిరా?"

"మన మిల్లు బట్టేనమ్మా."

"ఎందులో ఉతికారనుకున్నావు, పన్నీటిలోనా?"

జాబెజ్ నేల చూశాడు. ఇంతమంది అన్నం ఆ ముక్కు పాలు చేసినవాడికి ఆ మాత్రం సిగ్గైనా ఉన్నందుకు నాకు ఆశ్చర్యమేసింది.

"నువ్వే బండి లాక్కెళ్లి ఇంటింటా అడుగు. టోపీ తీసి అడుగు."

మొదటి గడప మార్తాది. దొర టోపీ తీశాడు. ఆవిడ ఆ బట్టతలను తీరిగ్గా చూసింది.

"మీ ఇంట్లోది పోశారా దొరా, ముందు?"

పోయలేదు. ఏ రోజూ పోయలేదు.

బండి అక్కడే వదిలి కొండమీది బంగళాకి నడిచాడు. మేమంతా గుమ్మాల్లో నిలబడి ఎదురుచూశాం. కాసేపటికి దిగి వస్తూ కనిపించాడు, లండన్ దొరసాని రాత్రిళ్లు మంచం కింద పెట్టుకునే పూలపూల పింగాణీ కుండ తొణక్కుండా పట్టుకుని. ముక్కుకు రుమాలు లేదు. రెండు చేతులూ ఖాళీగా లేవు మరి.

కుండ బండిలో ఒంపాక, మార్తా వంగి తన తొట్టి తిరగేసి నిలబెట్టింది.