జాజు కడిగిన మంద

ఇటిక్యాల నుంచి గొర్ల డాక్టరు వస్తున్నాడని విని, కురుమూర్తి తెల్లారకముందే మందను వాగులో దించి, పెళ్లికొడుకుకు పోసినట్టు నీళ్లు పోసి కడిగాడు. దొడ్డి దగ్గర మందను చూసి అతని భార్య జములమ్మ నెత్తి కొట్టుకుంది. పదిహేను రోజుల కింద పొట్టేలును విడిచేటప్పుడు దాని రొమ్ముకు ఎర్రజాజు పూసింది ఆమే. పొట్టేలు దాటిన గొర్రె నడుముకు ఎరుపు అంటుకుంటుంది, ఏది సూడిదో తెలుస్తుంది. ఇప్పుడు అరవైలో ఒక్కదాని మీదా ఎరుపు లేదు.

"సారు మెచ్చుకుంటడని కడిగిన. తప్పా?"

"సారుకు పిల్లనిస్తున్నవా ఏంది?"

ఊరంతా గొర్ల డాక్టరని పిలిచే పశువుల దవాఖాన కాంపౌండరు యోసేపు వచ్చి, సంచిలోంచి కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు సీసా తీశాడు. కోడలు ఉమ దాని మీది పేరు చదివింది. "అత్తమ్మా, ఆల్బెండజోల్. మొన్న బోదకాలు మాత్రలతోని గిదే ఇచ్చి, నాకు మూడో నెలని తెలిసి నర్సమ్మ గుంజుకున్నది."

జములమ్మ సీసాకు చెయ్యి అడ్డం పెట్టింది. "సారూ, కడుపుతోనున్న మనిషికి వద్దన్న మందు గొర్రెకెట్ల పోస్తవు?"

"సూడి కట్టిన నెల లోపల పోయొద్దమ్మా, పిల్లకు చేటు. గవి ఏవో చెప్పు, పక్కకు పెడ్దం."

"గవి ఇప్పుడెట్ల తెలుస్తయి సారూ?" అన్నాడు కురుమూర్తి. "అన్నిటికీ పొయ్యి. వానలు పడ్డయి, నట్టలు పట్టి సస్తే మంద మిగలదు."

"నువ్వు కడిగితే నా కండ్లు కూడ కడుక్కపోయినయా?"

జములమ్మ దొడ్డి కంప జరిపి, ఎరుపు అంటినవేవో ముఖం చూసి గుర్తుపడుతూ ఒక్కొక్కదాన్నే వదిలింది. మొద్దుచెవిది ఇటు, కుంటిదాని బిడ్డ అటు, మచ్చమూతిది ఇటు. సూడివి ఇరవై రెండు పక్కన నిలిచాయి.

"అన్నీ ముఖం చూసేనా?" యోసేపు నవ్వాడు.

"నీ పిల్లలను రంగు పూసి గుర్తుపడ్తవా సారూ?"

యోసేపు రెండింటి నడుం దగ్గర బొచ్చు విడదీసి చూశాడు. మొదళ్లలో ఎరుపు ఇంకా ఉంది. కురుమూర్తి ఊరుకోక అవతలి గుంపులో ఒకదాన్ని పట్టుకొచ్చాడు. "ఇగో, దీనికీ ఎరుపున్నది! ఇది తప్పినవు."

"యాడుంది?"

"చెవి మీద."

"చెవి మీదకెల్లి సూడి కడ్తదా? పొట్టేలు జర ముద్దు పెట్టిపోయింది గంతే!"

ఉమ కొంగు నోట్లో కుక్కుకుంది. యోసేపు ఆ ఇరవై రెండింటినీ వదిలి మిగతావాటికి మందు పోసి, సీసా మూసి, సూడికి పనికొచ్చే వేరే మందు తెచ్చిస్తానన్నాడు. నాలుగో రోజు తెచ్చి తానే పోశాడు.

ఐదు నెలలకు వాటిలో ఇరవై ఒకటి ఈనాయి. ఒక్క పిల్లకూ కాలు వంకర లేదు. మచ్చమూతిది మాత్రం ఖాళీ పొట్టతో తిరుగుతోంది.

"ముఖం చూసి చెప్తనన్నవు గద?" అన్నాడు కురుమూర్తి.

"చెప్పిన. దాని ముఖమే అబద్ధమాడింది" అని, జములమ్మ కొత్త పిల్లను తల్లి పొదుగు కిందికి నెట్టింది.