మండని బొగ్గు

జమాలుద్దీన్ సారుకు ఒక పాడు అలవాటుండేది. క్లాసులో ఒక్కడు తెల్లమొహం వేసినా ఆయన పాఠం ముందుకు సాగేది కాదు. గంట కొట్టనీ, ఎవరైనా పిలవనీ, ఆ మొహం విప్పారేదాకా వదిలేవాడు కాదు. చివరికి ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

పోలీస్ యాక్షన్ అయి ఏడాది తిరిగిందో లేదో, సికింద్రాబాద్‌లో ఆయన పనిచేసే కాలేజీకి కొత్త హుకుం వచ్చింది. ఇకమీద పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. పెద్దాఫీసరొకడు వచ్చి క్లాసులో కూర్చుని చూస్తాడు. చెప్పలేనివాళ్లు ఇంటికి పోవాల్సిందే. జమాలుద్దీన్ చదివిందీ, ఇన్నేళ్లుగా చెప్పిందీ ఉర్దూలో. ఫిజికల్ కెమిస్ట్రీ ఆయనకు కొట్టిన పిండి. ఇంగ్లీషు అంటేనే నోరు పెగలదు.

ఆదుకున్నది మధుసూదన్. ఒకప్పటి శిష్యుడు, ఇప్పుడు అదే కాలేజీ ల్యాబులో చిన్న ఉద్యోగి. కంటోన్మెంటు బళ్లో చదివినవాడు గనక ఇంగ్లీషు అతనికి మంచినీళ్ల ప్రాయం. రోజూ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ బొల్లారంలో సారు ఇంటికి వచ్చి, ఆయన చేత పాఠం ఇంగ్లీషులో వల్లె వేయించేవాడు. సారు భార్య జైనాబీ చాయ్ పోసిస్తూ, “నీ అసొంటి కొడుకుంటే మాకేం ఫికరుండేది బేటా!” అనేది. పాపం, మనస్ఫూర్తిగానే అనేది.

ఆఫీసరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజు పాఠం థర్మోడైనమిక్స్. జమాలుద్దీన్ ఎక్కడా తడబడలేదు. ఆఫీసరు తలకూడా ఊపాడు. ఇంకాసేపట్లో గంట కొడతారనగా తుకారాం అనే కుర్రాడు లేచి నిలబడ్డాడు.

“సమజైతలేదు సార్. బొగ్గు, గాలి కలిస్తే మండాలెనని థర్మోడైనమిక్స్ చెప్తదంటిరి. మరి టేషన్ల గంత బొగ్గు కుప్ప గాలికే పడున్నది. ఎందుకు మండుతలేదు?”

వల్లె వేసిన పాఠంలో ఇది లేదు. రేపు చెప్తాలే కూర్చో అంటే బతికిపోయేవాడు. కానీ ఎదురుగా తెల్లమొహం! దాని పక్కన ఇంకో నాలుగు. ఇంగ్లీషు గాలికి పోయి, బజారు తెలుగు నోటికొచ్చింది.

“గట్ల అడుగు బేటా!” అంటూ చాక్‌పీసు అందుకున్నాడు. “మోండా మార్కెట్ కాడ బండి ఆగిందనుకో. ముంగటంతా పల్లమే. గానీ చక్రం ముందర చిన్న మిట్ట ఉన్నది. దానంతటది కదుల్తదా? ఎవరన్న జెర నూకాలె. మిట్ట దాటినంక ఇగ ఉరుకుడే. బొగ్గుకు సుత గట్లనే, నిప్పు పెట్టుడే దాన్ని నూకుడు. ఏ దిక్కు పోతదో థర్మోడైనమిక్స్ చెప్తది. ఎంత జల్ది పోతదో చెప్పాలంటే కైనెటిక్స్ గావాలె.”

తుకారాం మొహం వెలిగిపోయింది. వెనక ఆఫీసరు కలం మూసి, లేచి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా జమాలుద్దీన్ నౌకరీ ఊడింది. ఇంగ్లీషు వచ్చినవాడని ఆ కుర్చీ మధుసూదన్‌కు ఇచ్చారు. సామాను సర్దుకుంటుంటే తుకారాం వచ్చి బావురుమన్నాడు.

“గిట్లయితదని నాకు తెల్వదు సార్! ఆఫీసరు ముంగట గా ప్రశ్న అడుగుమన్నది మధుసూదన్ సారే. మీకు పేరొస్తదన్నడు.”

జమాలుద్దీన్ ఒళ్లు భగ్గుమంది. ఆయన అలవాటు మధుసూదన్‌కు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఎంత నమ్మాడు వాణ్ణి! ఇంటి చాయ్ తాగుతూనే గొంతు కోశాడు గదా, దుర్మార్గుడు.

ఆ సాయంత్రమే ఆ పెద్దమనిషి, మధుసూదన్, సిగ్గు విడిచి బొల్లారం వచ్చాడు.

“రేపటి క్లాసు నాది సార్. పిల్లలు గా బొగ్గు ముచ్చటే మళ్లా అడుగుతున్నరు. జెర చెప్తరా?”

“అడిగించినోడివి నువ్వే గదా. జవాబు తెల్వకుంటనే అడిగించినవా?”

లోపలి నుంచి జైనాబీ, “ఎల్లగొట్టుండ్రి వాణ్ణి!” అని అరిచింది. జమాలుద్దీన్ వెళ్లగొట్టలేదు. కూర్చోమని, మిట్ట గీసి, వేడి పెరిగితే ఎక్కువ అణువులు దాన్ని ఎలా దాటతాయో ఓపిగ్గా చెప్పాడు. రేపు ఆ పాఠం వినాల్సింది పిల్లలు గదా.

“సమజైందా?”

“అయింది సార్.”

అబద్ధం. జన్మంతా తెల్లమొహాలు చూసినవాడికి ఆ మాత్రం తెలియదా! ఇంకొక్క మాట చెబితే ఆ మొహం విప్పారేది. ఆ మాట నాలిక చివరే ఉంది. రేపు బెంచీ మీద తుకారాం కూర్చుంటాడనీ, అర్థమయ్యేదాకా అడుగుతాడనీ ఆయనకు తెలుసు.

“అయితే పో,” అని జమాలుద్దీన్ తలుపేసుకున్నాడు.